ఇంటి నంబరు మీద అర్చన

ఇప్పుడంటే కృతజ్ఞత చెప్పాలంటే ఫోన్లో రెండు చేతులు జోడించిన బొమ్మ పంపి మన పని మనం చూసుకోవచ్చు. నేను డిగ్రీ చదివే రోజుల్లో దానికి తెల్లకాగితం, నీలం సిరా, ఆఫీసు స్టాంపు కావాల్సి వచ్చేవి. నారాయణగూడ నుంచి బస్సెక్కి వెళ్లే ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయంలో నాది రెండో ఏడు. చిక్కడపల్లిలో నాన్న పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ అప్పటికే మూతపడింది. అయినా నా చదువు ఆగలేదంటే దానికి కారణం బర్కత్‌పురలో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల టీచరు గారు. ఆవిడ తన తర్వాత ఇల్లు విశ్వవిద్యాలయానికి చెందేలా వీలునామా రాసి, తాను ఉన్నన్నాళ్లూ పై పోర్షన్ కిరాయితో ఒక అమ్మాయిని చదివిస్తానన్నారు. ఆ అమ్మాయిని నేనే. (నా తెలివి చూసి ఇచ్చారని చుట్టాలకు చెప్పుకున్నాం. దరఖాస్తు పెట్టింది నేనొక్కదాన్నేనన్న సంగతి చెప్పలేదు.) ఏటా జూన్‌లో దాతకు కృతజ్ఞత ఉత్తరం రాస్తేనే మరుసటి ఏడాది స్కాలర్‌షిప్. దాత పేరు మాకు చెబుతారు గానీ మా పేరు దాతకు చెప్పరు. ఉత్తరం కింద రోల్ నంబరే వేయాలి.

ఉత్తరంతో సరిపెట్టడం అమ్మకు నచ్చలేదు. "ఉట్టిగనే తీసుకుంటమా ఏంది?" అని శనివారం గుడిలో టీచరు గారి పేర అర్చనకు నిలబడింది. పంతులు గారు గోత్రం అడిగారు. తెలియదంటే ఏదో ఒకటి చెప్పి కానిచ్చేస్తానన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "అందాజగ చేస్తే ఆ పుణ్యం ఇంకెవరికో పోతది" అని చీటీ వాపసు తీసుకుని ఇంటికొచ్చింది. ఆవిడ క్రిస్టియన్ అమ్మా అని చెప్పాను. "అయితేంది? నక్షత్రం లేకుండనే పుట్టిందా?" అంది. ఆ ఏడాది ఉత్తరం చివర, సిగ్గుపడుతూనే, నా అందమైన చేతిరాతతో, "మా అమ్మ తమ పేర అర్చన చేయించదలచింది. తమ గోత్రం, నక్షత్రం తెలియజేయగలరని ప్రార్థన" అని రాశాను.

స్కాలర్‌షిప్ సెక్షన్‌లో మేం స్టాంపు సార్ అని పిలుచుకునే గుమాస్తా ఒకాయన ఉండేవారు. ఉత్తరాలు ముందు పంపేసి, తీరిక దొరికినప్పుడు నకళ్లు చదవడం ఆయన పద్ధతి. నాలుగో రోజున పిలిచారు. "ఏందమ్మా ఇది? దానం చేసేటోళ్లను గోత్రం అడుగుతరా? రేపు ఆమె వద్దంటే నీ ఫీజు ఎవరు కడతరు?" అన్నారు. సాయంత్రం నన్నూ అమ్మనూ ఇంటికి రమ్మని టీచరు గారు అప్పటికే ఫోన్ చేశారట. నా చదువు ఆ సాయంత్రంతో సరి అనుకున్నాను. అమ్మ మాత్రం పులిహోర కలిపింది.

టీచరు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఉత్తరం తీసి, కళ్లజోడు పెట్టుకున్నారు. "గోత్రం అడిగింది మీరేనా అండి?"

"నేనే అమ్మా" అంది అమ్మ, పులిహోర డబ్బా ఒళ్లోంచి దించకుండా.

"మాకు గోత్రం లేదండి. నక్షత్రం మా అమ్మకీ తెలీదు. జోరున వాన పడుతుంటే పుట్టానని చెప్పేది. ఇంటి నంబరు చాలదా?"

అమ్మ కిటికీలోంచి గేటు వైపు చూసింది. "చాలుతది. గేటు మీద ఉన్నదేగా?"

"అదే. నేనూ రోజూ మీ అమ్మాయి కోసం ప్రార్థన చేస్తున్నానండి. పేరు చెప్పరుగా, అందుకని రోల్ నంబరు చెబుతున్నాను."

నాకు ఏడుపొచ్చింది. పులిహోరలో కారం అని చెప్పాను. (అప్పటికి డబ్బా మూత తీయలేదు.) ఆవిడ నా పేరడిగి, ఉత్తరం వెనక రాసుకున్నారు. స్కాలర్‌షిప్ కొనసాగింది. ఆ శనివారం నుంచి గుడిలో గోత్రం బదులు ఇంటి నంబరు మీద అర్చనా మొదలైంది.

నేను డిగ్రీ పూర్తి చేసిన మూడేళ్లకు టీచరు గారు పోయారు. ఇల్లు విశ్వవిద్యాలయానిదైంది. ఇప్పుడు రెండు పోర్షన్ల కిరాయి మీద ఇద్దరమ్మాయిలు చదువుతున్నారు. పోయినవాళ్లకు అర్చన చేయరమ్మా అని పంతులు గారు చెప్పి చూశారు. "ఇల్లు పోలేదుగా. చదివిస్తనే ఉన్నది" అంది అమ్మ. ఆయన ఇంటి నంబరు చదివారు.

అమ్మకు మెట్లెక్కడం కష్టమయ్యాక శనివారాలు నా వంతుకొచ్చాయి. అప్పట్లో సిగ్గుతో చచ్చిపోయిన నాలోని ఆ పిల్ల, ఇప్పుడు అశోక్‌నగర్ ఫ్లాటులోంచి తనంతట తనే బయల్దేరి క్యూలో నిలబడుతోంది. నాకు ఆ పిల్లను చూస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. మొన్న కొత్తగా వచ్చిన కుర్ర పంతులు నా చీటీ చూసి ఆగాడు. "ఇదేం గోత్రం మేడం?"

"మాదే" అన్నాను. "కానివ్వండి."