పసుపునీళ్ళలో మునిగిన స్కేట్లు

తిరుమలరావు డ్యూటీ దిగి క్వార్టరుకి వస్తే ముందు టీ అడిగేవాడు కాదు, కూతురి స్కేట్లు అడిగేవాడు. వరండాలో పాత పేపరు పరుచుకుని, చక్రాలు ఒక్కొక్కటే వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. గూడ్సు పెట్టెల చక్రాలు బాగుచేసే మనిషి, చెవితోనే రోగం పట్టేవాడు. గరగరమంటే విప్పేసి గ్రీజు పెట్టేవాడు. ఆ తరవాతే టీ. ఆ తరవాత శ్వేతని సైకిలెక్కించుకుని మైదానానికి.

ఆయన గుండెపోటుతో పోయాక ఆ పని భార్య నీలవేణి మీద పడింది. ఆమెకి సైకిలు రాదు. స్కేట్లు సంచిలో వేసుకుని నడిచే తీసుకెళ్తోంది. చక్రాలు మాత్రం ఎవరూ తిప్పి చూడలేదు.

టీవీలో మంచు మీద జారే పిల్లల్ని చూసి మోజుపడింది శ్వేత. బిలాస్‌పూర్ ఎండలో మంచెక్కడిది? రైల్వే కాలనీ మైదానంలో సిమెంటు రింకే గతి. అక్కడ మూడు బ్యాచ్‌లు. గోడ వారగా రెయిలింగు పట్టుకుని, పడుతూ లేస్తూ ఉండేవాళ్ళు బిగినర్లు. ఎక్కువ మంది పాలపళ్ళవాళ్ళే గానీ, కొత్తగా చేరితే కాలేజీ పిల్లలైనా అక్కడే. మధ్యలో మలుపులు నేర్చేవాళ్ళు. బయటి పెద్ద చుట్టు మీద స్పీడ్ బ్యాచ్. పదేళ్ళ శ్వేత స్పీడ్‌లోకి వెళ్ళిన రోజు తిరుమలరావు జిలేబీలు తెచ్చి షెడ్డంతా పంచాడు.

ఈరోజు ఎవరు ఏ బ్యాచ్‌లో ఉండాలో తేల్చే టెస్టు. శ్వేత మొహం ఎర్రబడేలా కాళ్ళు తోసింది. మధ్య బ్యాచ్ పిల్లలు కూడా దాటిపోయారు. మలుపు దగ్గర పడింది, లేచింది, మళ్ళీ పడింది.

కోచ్ దిలీప్ రింకు దిగి వచ్చాడు. "ఆంటీ, శ్వేతాకో బిగినర్‌లో వెయ్యాలి. స్పీడ్ ఛోడో, టర్న్ కూడా రావట్లేదు."

"బిగినరేటి బాబూ? గోడ పట్టుకొని నడిచే పిల్లల్తోనా?"

"ఇంట్లో జో హువా, నాకు తెలుసు ఆంటీ. లేకిన్ టెస్ట్ అందరికీ ఒకటే. మళ్ళీ దసరా తరవాత చూద్దాం."

పిల్లకి ఆట వచ్చు, ఏదో అయిందని చెప్పాలనుకుంది నీలవేణి. ఏమైందో ఆమెకే తెలీదు. "లడ్కీ కా తప్పు నహీ బాబూ" అని మాత్రం అంది. దిలీప్ అప్పటికే వేరే తల్లితో మాట్లాడుతున్నాడు.

దారిలో శ్వేత సంచి కింద పడేసింది. "నేనింక రాను. ఆ బుడ్డోళ్ళతో నిల్చోను. కాలు తోస్తుంటే ఏదో పట్టుకుంటోందని చెప్పానా? నువ్వు విన్లేదు. నాన్నయితే వినేవాడు."

నీలవేణి సంచి ఎత్తుకుంది.

ఇంటికొచ్చి వరండాలో కూర్చుని ఒక చక్రం తిప్పింది. అది మూలిగి ఆగిపోయింది. వేలికి ఇటుకపొడిలాంటి తుప్పు అంటింది. అప్పుడు గుర్తొచ్చింది. పెదకార్యం నాడు ఆడబిడ్డ అచ్చియమ్మ, పోయినవాడి చేతిపట్టు వస్తువులన్నీ పోగేసి మైల కడిగింది. గొడుగు, టిఫిను డబ్బా, వాటితోపాటు స్కేట్లు. పసుపునీళ్ళ తొట్టిలో అవి బుడగలు వదులుతూ మునగడం మూల కూర్చున్న నీలవేణి చూసింది కూడా. "నీళ్ళు తగలనీకే, బేరింగులు పోతాయి" అని ఆయన ఎన్నిసార్లన్నాడో! ఆ రోజు నోట మాట రాలేదు.

అచ్చియమ్మ మాసికానికని పక్కనున్న సిర్గిట్టి నుంచి వచ్చి ఇంట్లోనే ఉంది.

"ఒదినా, స్కేట్లు నీళ్ళల్లో ముంచీసినావేటి ఆ రోజు?"

"మైల పోవద్దేటే? మా తమ్ముడు రోజూ ముట్టినవి."

"మైలతోపాటు చక్రాలూ పోనాయి."

"అచ్ఛా! ఇప్పుడు నా మీద పడ్డావా? ఏడాది తిరక్కండా పిల్లకి ఈ గెంతులేటని మా వీధంతా అడుగుతోంది."

"అడిగినోళ్ళని రమ్మను అత్తా," అంది శ్వేత గుమ్మంలోంచి. "బిగినర్‌లో ఖాళీలున్నాయి. నువ్వూ రా, గోడ పట్టుకుందువు గాని."

"చూసినావా దీని నోరు!"

నీలవేణి మంచం కింద నుంచి ఆయన పనిముట్ల పెట్టె లాగింది. ఆయన పోయాక దాన్ని తెరవడం ఇదే మొదలు. పేపరు పరిచి, చక్రాలు విప్పి, కిరసనాయిల్లో నానబెట్టింది. తుప్పు తుడిచి గ్రీజు పెట్టేసరికి గోళ్ళు నల్లబడ్డాయి. కాసేపటికి శ్వేత వచ్చి పక్కన చతికిలబడింది. ఒక్కో చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకుంది. పేపరు మీద మూడు కుప్పలు చేసింది.

"ఇవి స్పీడ్. ఇవి మధ్య బ్యాచ్. ఈ రెండూ పక్కా బిగినర్."

మొండికేసిన ఆ రెంటినీ నీలవేణి మళ్ళీ కిరసనాయిల్లో వేసింది. రేపటికీ కదలకపోతే సదర్ బజార్లో కొత్తవి వెతకాలి. దొరుకుతాయో లేదో.

"చక్రాలు తిరిగితే బిగినర్‌కి వెళ్తావా మరి?"

శ్వేత స్పీడ్ కుప్పలోంచి ఒక చక్రం తీసి మళ్ళీ తిప్పింది. "వెళ్తాను గానీ గోడ పట్టుకోను."

"పట్టుకోకు."

లోపల్నుంచి అచ్చియమ్మ కేకేసింది. "ఒలే నీలా! పొద్దున్నే పంతులొస్తాడు. ఆ గ్రీజూ గిరసనాయిలూ ఏటి? బకెట్టుడు నీళ్ళు కొట్టి వరండా కడిగీ!"

వరండా నిండా చక్రాలు, నట్లు, నల్లటి మరకలు. గుమ్మం పక్కన నీళ్ళ బకెట్టు నిండుగా ఉంది. నీలవేణి లేచి, దాన్ని పెరట్లోకి మోసుకెళ్ళి కరివేపాకు మొక్కకి పోసేసింది. ఖాళీ బకెట్టు అక్కడే బోర్లించి వచ్చి, పేపరు దగ్గర మళ్ళీ కూర్చుంది.