వెనక్కి చూసిన అపోలోనియా

వెండెల్ ఎంత గొప్ప పనివాడో చెప్పాలంటే, ఎంత అమాయకుడో కూడా చెప్పాలి. అచ్చు కోసం చెక్క మీద బొమ్మలు చెక్కడంలో బాసెల్ పట్టణంలో అతన్ని మించినవాడు లేడు. మనుషుల దగ్గర మాత్రం ఉత్త వెర్రిబాగులవాడు. పక్కింట్లో పుస్తకాలు కుట్టుకునే నాకు తెలియనిదా!

మృత్యువు రాజును, బిషప్పును, వర్తకుణ్ని చేయి పట్టి లాక్కుపోయే బొమ్మలకు అప్పట్లో జనం ఎగబడేవారు. మహమ్మారిలో భార్య అపోలోనియా పోయాక, వెండెల్ ఆ వరుసలో ఒక ఇల్లాలిని చేర్చాడు. ఎముకల మృత్యువు ఎడమవైపు నుంచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంటుంది. ఆమె మెడ తిప్పి ఖాళీ గుమ్మంకేసి చూస్తుంటుంది. ఆ ముఖం అపోలోనియాదే.

"ఆమె పోయేటప్పుడు ఆ గుమ్మంలో ఉన్నది నేనే అక్కా," అన్నాడు.

ఆ మెడకే పదకొండు రోజులు పట్టింది. ఆమె రూపం అతనికి మిగిలింది అదొక్కటే.

మరుసటి వసంతంలో ఫ్రాంక్‌ఫర్ట్ సంత నుంచి ఆ బొమ్మల పుస్తకానికి చవక నకలు ఒకటి నా దగ్గరికి కుట్టుకు వచ్చింది. అందులో ఆ ఇల్లాలు! నా బుద్ధి మండ, తీసుకెళ్లి చూపించాను.

"దొంగలు ఎక్కడ లేరులే," అని నవ్వబోయి ఆగిపోయాడు. కొన్న బొమ్మను చెక్కకు అతికించి చెక్కితే అచ్చులో కుడిఎడమలు మారిపోతాయి. ఇందులో మృత్యువు ఎడమ నుంచే వచ్చింది. అలా రావాలంటే, సిరా ఆరకముందే బొమ్మ మీద ఇంకో కాగితం అద్ది, దాని మీద తిరగబడి దిగిన బొమ్మను అతికించాలి. వెండెల్ బొమ్మలు వేసే అచ్చుశాలలో తడి కాగితాలు ఆరవేసేది ఒక్కడే. అపోలోనియా అన్న జోస్ట్. అప్పుడూ వెండెల్ బల్ల దగ్గరే కూర్చుని ఉల్లి రొట్టె తింటున్నాడు.

"ఒక్క కాగితమే కదా బావా! ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లు అడిగారు, ఇచ్చాను."

"కాగితం పోతే పోయింది. ఆమె తల ఎందుకు తిప్పార్రా?"

అప్పుడు చూశాను. నకలులో ఆమె మృత్యువు ముఖంలోకి చూసి నవ్వుతోంది. గుమ్మమే లేదు.

"తిరిగిన మెడ చెక్కడం కష్టమన్నారు. నేనే సరేనన్నాను."

"నీ తోడబుట్టిందిరా అది!"

జోస్ట్ రొట్టె నములుతూనే ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

చవకది దొరికాక అసలుది ఎవరు కొంటారు? అచ్చుశాల యజమాని వెండెల్ చెక్కిన దిమ్మను చిత్రిక పట్టించి నున్నగా చేయించి, దాని మీద ఇంకేదో చెక్కించాడు. ఊళ్లో ఆ నకలే మిగిలింది. "మహాతల్లి, ఎంత నవ్వుతూ పోయిందో!" అనేవారు అపోలోనియాను ఎరిగినవాళ్లు.

పన్నెండేళ్ల తర్వాత వెండెల్ మంచాన పడి, ఒక మధ్యాహ్నం నా చేయి పట్టుకున్నాడు.

"అక్కా, ఇప్పుడు నాకూ ఆ నవ్వే కనిపిస్తోంది. ఆమె వెనక్కి చూసింది కదూ? నిజం చెప్పు."