కడిగిన మౌత్ ఆర్గాన్

మా పెదనాన్న మణుగూరు బొగ్గుగనిలో రిటైరై ములకలపల్లి దగ్గర మా ఇంటికి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, అందులో మౌత్ ఆర్గాన్. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నేను బడికి వెళ్లలేదు. అక్షరాలు నాన్న ఇంట్లోనే నేర్పారు. సరిగమలు పెదనాన్న పెట్టిన భిక్ష.

"ఊదితే స, గుంజితే రి. పక్క బొక్కల ఊదితే గ, గుంజితే మ. గంతే."

ద దాకా బాగానే వచ్చేది. ఆ తర్వాత వరస తిరగబడుతుంది. ముందు గాలి పీల్చి ని, అప్పుడు ఊది పై స. నేను ప్రతిసారీ ముందే ఊదేదాన్ని.

"ఏందే గా ఉరుకుడు? భద్రాచలం బస్సు పోతదా?" అని నవ్వేవారు.

అమ్మకు మాత్రం నచ్చేది కాదు. "ఒకరి ఎంగిలి ఒకరు నోట్ల పెట్టుకునుడేంది?"

ఏకాదశి నాడు దేవుడి పటం ముందు వాయించాలని నాకు కోరిక. ఎంగిలి వస్తువుతో ఎలా? పెదనాన్న పొలానికి వెళ్లినప్పుడు దాన్ని పసుపు నీళ్లలో నానబెట్టి శుభ్రంగా కడిగాను. లోపల చెక్క ఉంటుందని, అది ఉబ్బుతుందని నాకేం తెలుసు? ఊదితే గ లేదు, ప లేదు. భయమేసి, తుడిచి పెట్టెలో పెట్టేశాను.

సాయంత్రం ఆయన ఊదారు. మళ్లీ గట్టిగా ఊదారు. దగ్గు తెర వచ్చింది.

"బొగ్గు దుమ్ము తిన్న పానం గదా బిడ్డా, ఊపిరి సాలుతలేదు. ఏదీ, నువ్వు ఊదు. నీకన్న పలుకుతదేమో."

తీసుకుని, ఊదినట్టు చేసి తిరిగిచ్చాను. "నాకూ వస్తలేదు పెద్దనాయనా. ఇంకా సరిగ నేర్వలే గదా."

"అవ్, నువ్వింకా నేర్వలే," అన్నారు.

ఆ తర్వాత రెండేళ్లు బతికారు. పెట్టె తెరవలేదు. పొలం గట్టు ఎక్కడానికి కూడా "నా ఊపిరి సంగతి తెల్వదా?" అని ఆగిపోయేవారు. కడిగింది నేనే అని చెప్పడానికి అన్ని రోజులిచ్చాడు దేవుడు. నేనే వాడుకోలేదు.

ఆయన పోయాక పెట్టె నాకిచ్చారు. చెక్క ఎప్పుడో ఆరిపోయింది. ఊదితే గ పలికింది, ప పలికింది. ఇప్పుడు దీపం పెట్టాక రోజూ ఒకసారి వాయిస్తాను. ని దగ్గర తొందరపడను. ఎంగిలని కడగను కూడా.