అందరి ముందు చెప్పిన మాట

జువ్వలదిన్నె పక్కన సముద్రం ఒడ్డునున్న జాలర్ల పాలేల్లో ఫేబీ టీచరు స్కూటర్ చప్పుడు తెలియని ఇల్లు లేదు. మాట రాని పిల్లలు, నడక కుదరని పిల్లలు, బడిలో ఒక్కచోట కూర్చోలేని పిల్లలు ఉన్న ఇళ్ళకు మంగళ, శుక్రవారాల్లో ఆమె కావలి నుంచి వచ్చి, మాటలూ పనులూ నేర్పి పోతుంటుంది. పన్నెండేళ్ళుగా అదే ఉద్యోగం. తండ్రి జీవానందం ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసి పోయాడు. రోగి దగ్గర నిజం దాచకూడదని ఆయన పట్టుదల. ఆ పట్టుదల కూతురికీ వచ్చింది. ఒక ఇంటికి దానివల్ల ఏం జరిగిందో ఫేబీ ఇవాళ్టికీ మర్చిపోలేదు.

ఆ ఇల్లు చిన్నపోలయ్యది. పడవ మీద వేటకు పోతాడు. తల్లి వెంకటశేషమ్మ, భార్య కామాక్షి, ఒక్కతే కూతురు వెన్నెల. తొమ్మిదేళ్ళు నిండినా వెన్నెల ఆరేళ్ళ పిల్లలా ఉండేది. చిన్న తల, చిన్న కళ్ళు, దారంలా సన్నని పై పెదవి. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ ఉండదు. చెప్పులు వేసుకోమంటే వాకిట్లోకి పోయి, ఎందుకొచ్చిందో మరిచిపోయి నిలబడుతుంది. చెయ్యి పట్టుకున్న ప్రతి ఆడమనిషినీ "అమ్మా" అంటుంది, ఎవరు పిలిచినా వెంట పోతుంది. బడిలో మొద్దు అన్నారు. వెంకటశేషమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఫేబీ కూడా రెండేళ్ళపాటు తెలివి తక్కువ పిల్లగానే రాసుకుంది.

ఆఖరికి ఫేబీ వెంటబెట్టుకుపోయి నెల్లూరులో ఒక పిల్లల డాక్టరమ్మకు చూపిస్తే, ఆమె వెన్నెల ముఖాన్ని పక్కకు తిప్పి, ముక్కుకూ పెదవికీ మధ్య వేలితో తడిమి చూసింది. తరువాత కామాక్షి వైపు తిరిగి, "కడుపుతో ఉన్నప్పుడు మందు తాగేదానివా?" అని అడిగింది. మొగుడు పక్కనే ఉన్నాడు. కామాక్షి తల అడ్డంగా ఊపింది. డాక్టరమ్మ ఇంకేమీ అడగలేదు. బయటికి వచ్చేటప్పుడు ఫేబీని మాత్రం ఆపి, "ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అనుకుంటున్నాను. తల్లి తాగిన మందు కడుపులో బిడ్డ మెదడుకు చేరితే ఇలా అవుతుంది. నయమయ్యేది కాదు. కానీ పెంచే పద్ధతి తెలిస్తే పిల్ల చాలా కుదురుకుంటుంది" అని చెప్పింది.

పెంచే పద్ధతి ఉందన్న మాటే ఫేబీ చెవిలో మిగిలింది. రెండేళ్ళుగా తలుపు ఎక్కడుందో తెలియక గోడలు తడుముతున్న మనిషికి గడియ చేతికి తగిలినట్టయింది. మరుసటి మంగళవారం ఆ ఇంటికి పోయింది. ఎండబెట్టిన చేపలు తిరగేస్తున్న కామాక్షి లేచి వచ్చి, "మా పాప ఎందుకిట్టా పుట్టింది టీచరమ్మా? డాక్టరమ్మ నీతో ఏందో చెప్పింది గదా" అంది.

అత్త వాకిట్లోనే కూర్చుని ఉంది. వల బాగుచేసుకుంటూ చిన్నపోలయ్య ఉన్నాడు. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు గోడ మీదుగా చూస్తున్నారు. ఫేబీ చెప్పేసింది. దాచకుండా, మెత్తగా, తనకు తెలిసిన మంచి మాటల్లోనే చెప్పింది.

కామాక్షి ముందు అర్థం కానట్టు చూసింది. "రొయ్యల షెడ్డులో తాగినా" అంది మెల్లగా. "ఐసులో చేతులు పెట్టి పొద్దస్తమానం రొయ్యలు వలవాల. నడుములు పడిపొయ్యేవి. మేస్త్రీనే సారా గ్లాసుల్లో పోసిచ్చేవాడు. అందరం తాగేవాళ్ళం. ఒళ్ళునొప్పులకు మందనే గదా తాగింది."

చిన్నపోలయ్య వల కింద పెట్టి లేచిపోయాడు. నిజం చెప్తే ఇల్లు తేలికపడుతుందనుకున్న ఫేబీ, పెంచే పద్ధతి గురించి శుక్రవారం వచ్చి చెప్తానని బండెక్కింది.

శుక్రవారం వచ్చేసరికి కామాక్షి ఇంట్లో లేదు.

"తోలేసినాం" అంది వెంకటశేషమ్మ. "నా మనవరాల్ని కడుపులోనే నాశనం చేసిందని మీరే గదమ్మా చెప్పినారు. నా కొడుకు తన్నినాడు. ఇంకా తన్నాల్సింది."

చిన్నపోలయ్య గడప మీద కూర్చుని ఉన్నాడు. పదకొండు గంటలకే అతని దగ్గర సారా వాసన కొడుతోంది. తాను చెప్పిన మాటను వెనక్కి తీసుకోలేనని ఫేబీకి అప్పుడు తెలిసింది. వెన్నెల వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని "అమ్మా" అంది.

కామాక్షిని వెతకడానికి ఇరవై రోజులు పట్టింది. కోవూరులో అక్క ఇంట్లో ఉందని తెలిసి, ఒక ఆదివారం చర్చి అయ్యాక ఫేబీ తన భర్త ఆండ్రూను తోడు తీసుకుని పోయింది. ఆండ్రూ వీధిలోనే బండి దగ్గర ఆగాడు. కామాక్షి పెరట్లో గిన్నెలు తోముతోంది. కంటి కింద నలుపు ఇంకా పోలేదు. తాగి ఉంది.

"నాదే తప్పు కామాక్షీ. నీతో ఒంటరిగా చెప్పాల్సింది" అంది ఫేబీ.

"ఒంటరిగా చెప్తే నా బిడ్డ మారిపోయేదా?"

"నువ్వు తెలిసి చెయ్యలేదు."

"తెలీకుండా చేసినానని బిడ్డకు నయమైతాదా టీచరమ్మా?" గిన్నె బోర్లించి ఫేబీ వైపు చూసింది. "వెన్నెలకు ముందు నాకు ఇద్దరు పొయ్యినారు. నెలలు నిండకుండానే. వాళ్ళు కూడా నేను తాగినందుకేనా?"

తెలియదని ఫేబీ చెప్పింది. పక్కన కూర్చుని మిగిలిన గిన్నెలు తోమింది.

ఇక్కడ పాలెంలో వెన్నెలను చూసే పని వెంకటశేషమ్మ మీద పడింది. అరవై దాటిన మనిషి. పిల్ల పక్క తడిపితే కొట్టేది, పక్కింట్లో తినేది తీసుకొస్తే కొట్టేది. "కొడితేనే వింటాది" అనేది. "దెబ్బ గుర్తుంటాది పెద్దమ్మా. ఎందుకు కొట్టినావో దానికి గుర్తుండదు" అని ఫేబీ చెప్తే మొహం తిప్పుకునేది.

ఒకరోజు వెన్నెల ఐసు లారీ డ్రైవర్ పిలిచాడని ఎక్కి కూర్చుని పోయింది. అతను మంచివాడే కాబట్టి, ఎవరి పిల్లో తెలియక కావలి బస్టాండులో పోలీసుకు అప్పగించాడు. ఆ తరువాతి మంగళవారం ఫేబీ వచ్చి చూస్తే, వెన్నెల కాలికి వలతాడు కట్టి ఉంది. రెండో కొస గుంజకు. పిల్ల ఏడవడం లేదు, ఇసుకలో గీతలు గీసుకుంటోంది. తాడు ఒరుసుకుని చీలమండ ఎర్రగా చెక్కుకుపోయింది.

పాత ఫేబీ అయితే అక్కడికక్కడే తప్పని చెప్పేసేది. ఈసారి చెప్పులు విడిచి ముసలామె పక్కన కూర్చుంది. "నువ్వు పడుకుని ఎన్నాళ్ళయింది పెద్దమ్మా?" అని అడిగింది.

వెంకటశేషమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "నేను కన్ను మూస్తే ఇది సముద్రంలోకి పోతాది. ఇప్పటికే రెండుసార్లు పొయ్యింది. నాకు చాతకావటం లేదమ్మా. నేను చచ్చిపోతే దీన్నెవరు చూస్తారు?"

ఆ రోజు తాడు ఫేబీయే విప్పింది. పొద్దునపూట వెన్నెలను కావలిలో ఇలాంటి పిల్లలకున్న కేంద్రానికి పంపే ఏర్పాటు చేసింది. ఒకసారికి ఒక్క పనే చెప్పాలని, రోజూ అదే వరుసలో చెప్పాలని, మరిచిపోతే మొదటి నుంచీ మళ్ళీ చెప్పాలని ముసలామెకు చేసి చూపించింది. అయినా ఒక్క మనిషి చాలదు. కామాక్షిని రానివ్వమని చిన్నపోలయ్యను నాలుగుసార్లు కదిలించింది. ఐదోసారి అతనే అన్నాడు, సముద్రం వైపు చూస్తూ: "పిల్లను చూసుకోను వస్తే రానీండి. నా పెండ్లాంగా కాదు."

కామాక్షి ఆ మాట మీదే వచ్చింది. వంట పాకలో చాప వేసుకుని పడుకుంటుంది. మొగుడు పలకరించడు. అత్త అన్నం పెడుతుంది గానీ పేరు పెట్టి పిలవదు. వచ్చిన రోజు వెన్నెల పరుగెత్తుకొచ్చి "అమ్మా" అంటూ చుట్టేసుకుంది. కామాక్షి కళ్ళు తుడుచుకునేలోపే, నీళ్ళ బిందెతో వచ్చిన పక్కింటామెను కూడా అలాగే చుట్టేసుకుంది.

ఏడాది దాటింది. కామాక్షి ఆ ఏడాదిలో రెండుసార్లు మళ్ళీ తాగింది. రెండుసార్లూ తనే ఫేబీకి ఫోను చేసి చెప్పింది. షెడ్డుకు పోవడం మానేసి చేపలు ఎండబెడుతోంది. వెన్నెల పక్క తడపడం ఇప్పుడు తగ్గింది. సముద్రం వైపు పోవడం తగ్గలేదు. ఫేబీ ఇలాంటి ఇళ్ళు మరో మూడింటికి పోతోంది. ఎక్కడికి పోయినా ముందు తల్లిని ఒడ్డుకు తీసుకుపోయి, ఎవరూ లేని చోట కూర్చుని మాట్లాడుతుంది. కొందరితో మొదటి నెలల్లో కారణం అసలు ఎత్తదు.

పోయిన శుక్రవారం పడవల చాటున కామాక్షి అడిగింది: "పెద్దదైనాక సరిపోతాదా టీచరమ్మా? నిజం చెప్పండి."

"సరిపోదు కామాక్షీ. నువ్వు బతికినన్నాళ్ళూ చూసుకోవాలి."

కామాక్షి తలవంచుకుని ఇసుక పిడికిలితో తీసి వదిలింది. "జడ వేసుకునేది నేర్పిద్దామా ఈ నెల? లేకుంటే చెప్పులదే ఇంకా చెప్పాల్నా?" అంది.

"చెప్పులే" అంది ఫేబీ. "ఎడమది ముందు."