మూడు దెబ్బలు కొడితే కాయిల్

తౌనో చేతిలో మహిమ ఉందని మా ఊరు ఊరంతా నమ్మింది. ఇంటి ముందు పేరుకున్న మంచును ఎత్తి దూరంగా చిమ్మే యంత్రం మాకు ఇంటికొకటి ఉంటుంది. సరిగ్గా చలి ముదిరిన రోజే చూసి మొరాయిస్తుంది. తాడు లాగి లాగి భుజాలు పడిపోయాక దాన్ని ట్రక్కులో వేసుకుని తౌనో షెడ్డుకు పోవడం మా మగవాళ్ళకు అలవాటు. అతను కాఫీ కప్పు పట్టుకుని నిలబడి, యంత్రాన్ని కాన్వాసు తెర వెనక్కి నెట్టేవాడు. తెర వెనక తాడు లాగిన చప్పుడు నాలుగైదు సార్లు వినబడేది. కాసేపటికి తౌనో కళ్ళు మూసుకుని, "కాయిల్ పోయింది," అనేవాడు. ఆ మాటకు తిరుగుండేది కాదు.

తెర వెనక ఉన్నది అతని భార్య సైమి. తాడు లాగడానికీ, తుడవడానికీ ఆవిణ్ణి పెట్టుకున్నాడని జనం అనుకునేవారు.

నాకు మాత్రం అసలు సంగతి తెలుసు. ముప్పై ఏళ్ళు ఆ దారిలో ఉత్తరాలు పంచినవాణ్ణి. ఇంజన్ విడిభాగాల పార్సిళ్ళు బరువుగా ఉంటాయని వెనక తలుపు నుంచి వెళ్ళేవాణ్ణి. సైమి ముందు స్పార్కు ప్లగ్గు ఊడదీసి వాసన చూసేది. దాన్ని ఇంజన్ ఒంటికి ఆనించి, లైటు ఆర్పి, తాడు లాగేది. చీకట్లో నీలంగా రవ్వ పడితే తప్పు పెట్రోలుది. పడకపోతే వేరే ప్లగ్గు పెట్టి చూసేది. దానికీ పడకపోతే, ఇంజన్‌ను ఆపడానికి ఉండే సన్నతీగను పీకి మళ్ళీ లాగేది.

"ఇప్పుడు రవ్వ పడిందనుకో, రవ్వ పుట్టించే కాయిల్ బంగారం," అని ఒకసారి చెప్పింది. "ఈ తీగే ఎక్కడో ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతోందన్నమాట. చాలామంది ఇది చూడకుండా కాయిల్ కొనిపిస్తారు."

అప్పటికీ పడకపోతే, నేనిచ్చిన ప్రకటనల కార్డు ఒకటి కాయిల్‌కీ, దాని పక్కన తిరిగే ఫ్లైవీల్ చక్రానికీ మధ్య దూర్చి సందు సరిచూసేది. అదీ అయ్యాక రెంచితో బల్ల మీద కొట్టేది. ఒక దెబ్బ కొడితే ప్లగ్గు, రెండు కొడితే తీగ, మూడు కొడితే కాయిల్. అవతల తౌనో కళ్ళు మూసుకునేది ఆ దెబ్బలు లెక్కపెట్టుకోవడానికి!

అది మొదటిసారి చూసిన రోజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

"ప్రార్థనలో పాస్టరుగారిలా కళ్ళు మూస్తాడేం మీ ఆయన?"

"మూయకపోతే లెక్క తప్పుతాడు, హ్యూగో. పోయిన వారం రెండు కొడితే మూడన్నాడు."

"ఈ తిప్పలెందుకు? నువ్వే చెప్పొచ్చుగా?"

"చెప్పానయ్యా, పెళ్ళైన కొత్తలో. నేను చెప్పింది విని, మా ఆయన వైపు తిరిగి 'నిజమేనా?' అని అడిగేవాళ్ళు. ఇలాగైతే పనైనా తెములుతుంది."

సైమి తండ్రి చేపల పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. పదేళ్ళ వయసుకే ఆమె చేతికి ఈ విద్య వచ్చేసింది. అడవిలో రంపం కింద రెండు వేళ్ళు పోగొట్టుకుని పని లేక కూచున్న తౌనోకు ప్లగ్గు ఎటు తిప్పితే ఊడుతుందో నేర్పింది కూడా ఆమే. తౌనో చెడ్డవాడని అనను. కానీ సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు బతికాడు. ఊరు పొగుడుతుంటే ఒక్కసారైనా తెర పక్కకు లాగి, "ఇదిగో, ఈవిడే," అనలేదు. చచ్చినవాడైనా సరే, నాకు అతని మీద ఇప్పటికీ కోపమే.

నవంబరులో ఆవిరిస్నానం చేస్తూ గుండె ఆగి పోయాడు. పాతిపెట్టాక చర్చి కింది గదిలో కాఫీ, యాలకుల రొట్టె పెట్టారు. క్లైడ్ లేచాడు. ఒకప్పుడు రాగి గనిలో మేస్త్రీ, ఇప్పుడు మా ఊరికి పెద్ద నోరు.

"తౌనోతో పాటే ఈ ఊరి నిప్పు కూడా పోయింది. ఇక మన యంత్రాలకు దిక్కెవరు?"

అందరూ తలలూపారు. అతని కప్పులో కాఫీ పోస్తున్న సైమి తలెత్తి నా వైపు చూసింది. నేను రొట్టె ముక్క నోట్లో కుక్కుకున్నాను. చావు దగ్గర ఈ గొడవెందుకులే అనుకున్నాను. పిరికివాడికి సాకులకు కరువా!

సైమి షెడ్డు బోర్డు మీద తన పేరు రాసుకుంది. ఒక్కడూ రాలేదు. నలభై మైళ్ళ అవతలి పట్నంలో పెద్ద షాపుంది. క్రిస్మస్‌కల్లా కిటికీల దాకా మంచు పడింది. యంత్రాలు ట్రక్కులెక్కి ఆమె షెడ్డు ముందు నుంచే పట్నానికి పోయేవి.

"మార్చి దాకా చూస్తాను," అంది నాతో. "అప్పటికీ ఎవరూ రాకపోతే షెడ్డు అమ్మేసి మా చెల్లెలి ఊరు పోతాను. అక్కడి ఆసుపత్రి వంటింట్లో గిన్నెలు కడగడానికి మనుషులు కావాలట."

జనవరి నడిమధ్యలో క్లైడ్ వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"పట్నంలో ప్లగ్గు మార్చారు, కాయిల్ మార్చారు. రెండు వారాలు ఉంచుకున్నారు. చచ్చినా స్టార్టవదు," అని యంత్రాన్ని లోపలికి తోశాడు. "తౌనో ఏమైనా కాగితాల మీద రాసి పెట్టాడేమో చూడు, సైమీ."

సైమి తెర పక్కకు లాగేసి, అతని కళ్ళ ముందే సన్నతీగ పీకి, లైటు ఆర్పి తాడు లాగింది. రవ్వ పడింది. మూత విప్పి చూపించింది. కొత్త కాయిల్ బిగించినవాడు ఆ తీగను మూత అంచు కింద నలిపేశాడు. నల్లటేపు చుట్టి, తీగను పక్కకు సర్ది, యంత్రాన్ని గుమ్మం దగ్గరికి తోసింది. రెండోసారి తాడు లాగేసరికి ఇంజన్ అందుకుంది.

క్లైడ్ మొహం వెలిగిపోయింది. "భేష్! తౌనో నీకు ఎంత బాగా నేర్పి పోయాడు!"

సైమి ఇంజన్ ఆపింది. "తౌనోకు నేర్పింది నేను. ఇన్నేళ్ళూ మీ యంత్రాలు బాగుచేసింది కూడా నేనే."

క్లైడ్ నవ్వాడు. "విన్నావా హ్యూగో? పాపం, దుఃఖంలో మనిషికి ఏవేవో అనిపిస్తాయి."

"నువ్వు చెప్పు, హ్యూగో," అంది సైమి.

క్లైడూ నేనూ ముప్పై ఏళ్ళుగా ఒకే గుడిసెలో పడుకుని జింకల్ని వేటాడినవాళ్ళం. నేను ఒక్క మాట అని ఉంటే చాలు, ఆ షెడ్డు ఆమెకు నిలిచేది. అతని నోట పడితే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసేది.

"అది... ఇద్దరూ కలిసే చేసేవాళ్ళులే," అన్నాను.

సైమి మూత మళ్ళీ విప్పింది. టేపు పీకేసి, నలిగిన తీగను ఇనుముకు ఆనించి, మూత బిగించింది.

"తౌనో దగ్గరికే తీసుకెళ్ళు, క్లైడ్. చర్చి వెనక, మూడో వరస."

"నీకు పిచ్చెక్కింది!" అంటూ అతను యంత్రాన్ని ఈడ్చుకుపోయాడు. ఆమె పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో వేయసాగింది. మార్చి దాకా ఆగదని నాకు అర్థమైంది.

"సైమీ, నేను..."

"ఉత్తరం ఉంటే ఇచ్చి వెళ్ళు," అంది తలెత్తకుండా.

ఆ రోజు ఆమెకు ఉత్తరమేదీ లేదు. ఊరికే కాఫీ తాగుదామని వచ్చినవాణ్ణి.