పిలిస్తే తియ్యగా ఉండే పేరు

ఛాయాదేవి ముప్ఫై రెండేళ్లు కంకిపాడు చుట్టుపక్కల బళ్లలో పాఠాలు చెప్పి రిటైరయింది. కొట్టేది కాదు, తిట్టేది కాదు. పలక లేని పిల్లకి తనే పలక కొనిచ్చేది. ఎవరిని అడిగినా ‘బంగారంలాంటి టీచరండీ’ అనేవాళ్లు. ఆవిడా అదే నమ్మింది.

ఇప్పుడు విజయవాడలో ఉంటోంది. ఎదురింటి వేదశ్రీ గుణదలలో ఒక కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు నాటకం వర్క్‌షాప్ నడుపుతుంటే, సరదాపడి వెళ్లింది. అక్కడ రాసిపెట్టిన నాటకాలు ఆడరు. వచ్చినవాళ్లు తమకు జరిగిన అన్యాయాన్ని నటించి చూపిస్తారు. చూసేవాళ్లలో ఎవరైనా లేచి, ఒక పాత్రలోకి వెళ్లి కథ మార్చొచ్చు.

రెండో ఆదివారం శౌరమ్మ వంతు వచ్చింది. నలభై దాటిన మనిషి, ఒక హాస్టల్లో వంట చేస్తుంది. టీచరు వేషం తనే వేసింది. ఒకమ్మాయిని ఎదురుగా నిలబెట్టి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, పెన్నుతో రిజిస్టరు మీద టకటకా కొట్టింది.

“నీ పేరేంటే?”

“శౌరమ్మండి.”

“శౌరమ్మేంటే! పేరంటే పిలిస్తే నోరు తియ్యగా ఉండాలి. ఇవాళ్టి నుంచి నువ్వు శారదవి.”

హాలంతా నవ్వింది. ఛాయాదేవి కూడా నవ్వబోయింది. ఆ మాట తనది. ఆ పెన్ను కొట్టడం తనది. జారిన కళ్లజోడూ తనదే.

ఆ తర్వాతి రంగంలో శౌరమ్మ తన పాత్ర తనే వేసింది. అంగన్‌వాడీ ఉద్యోగానికి కాయితాలు చూపించే ఘట్టం. బ్యాంకులో పనిచేసే జయకృష్ణ గుమస్తాగా కూర్చున్నాడు.

“టెన్త్ సర్టిఫికెట్లో శారద, ఆధార్‌లో శౌరమ్మ. ఇందులో నువ్వెవరమ్మా?”

“రెండూ నేనేనండి.”

“నువ్వంటే సరిపోద్దా?”

ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. శౌరమ్మ జనం వైపు తిరిగి, “మా నాయనమ్మ పేరండి నాది. ఆవిడ పోయిన ఏడే నేను పుట్టాను” అంది.

వేదశ్రీ “టీచరు పాత్రలోకి ఎవరొస్తారు?” అని అడిగింది. ఛాయాదేవి లేచి టీచరు కుర్చీ దాకా వెళ్లింది. కూర్చోలేకపోయింది.

“నేను నటించలేనమ్మా. ఆ టీచర్ని నేనే.”

శౌరమ్మ దగ్గరికొచ్చి ఆవిడ మొహంలోకి చూసింది.

“టీచర్‌గారా? జుట్టంతా తెల్లబడిపోయింది, గుర్తుపట్టలేదండి. మీరు నాకు పలక కొనిచ్చారండి. అదీ చూపిద్దామనుకున్నా. అది చూపిస్తే ఇది ఎవరూ నమ్మరని మానేశా.”

“మంచే చేస్తున్నాననుకున్నాను తల్లీ.”

“అనుకునే ఉంటారండి. ఒక్కమాట అడగాల్సిందండి. నన్ను కాకపోతే మా అమ్మనైనా.”

ఆ వారంలోనే ఇద్దరూ నోటరీ దగ్గరికి వెళ్లారు. శారద, శౌరమ్మ ఒక్కరేనని, పేరు మార్చింది తనేనని ఛాయాదేవి ప్రమాణపత్రం రాసి సంతకం పెట్టింది. ఉద్యోగం వయసు ఎప్పుడో దాటిపోయింది. “మా పిల్ల సర్టిఫికెట్లోనన్నా తల్లి పేరు సరిగ్గా పడుద్దండి” అంది శౌరమ్మ.

బస్‌స్టాపులో నిలబడి ఉండగా శౌరమ్మే అడిగింది.

“ఇంకెంతమందికి మార్చారండి?”

ఛాయాదేవి వేళ్ల మీద లెక్కపెట్టసాగింది. వాణి, లలిత, మాధవి, సుమతి... తను పెట్టిన పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. పదకొండు దాకా వచ్చాయి. ఆ పిల్లల అసలు పేర్లు గుర్తు తెచ్చుకోబోయింది. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఆవిడ వేళ్లు మడిచినవి మడిచినట్టే ఉండిపోయాయి.

బస్సొస్తే శౌరమ్మ ముందు తను ఎక్కి, ఆవిడకి చెయ్యి అందించింది.