పొట్టేలుకు రెండు దోసిళ్లు

నా చిన్నప్పుడు, మా అవ్వ చనిపోయిన ఏడాది, ఎండకాలమంతా మా ఇంట్లో మిగిలింది మా తాత, నేను, ఒక పొట్టేలు. మా దిక్కు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. ఆమె చలికాలం చివర్లో జ్వరంతో పోయింది. దినాలు అయిన వారానికే మా బాపు బెల్లంపల్లి దిక్కు బొగ్గుబాయిల పనికి వెళ్లిపోయాడు. అవ్వ లేని ఇంట్లో ఉండలేకపోయాడని ఇప్పుడు తెలుస్తుంది. తొమ్మిదేండ్ల పిల్లకు అప్పుడు తెలిసింది మాత్రం ఒక్కటే, నన్ను ఇక్కడ ఉంచి పోయాడని.

మేము గొర్రెలు కాచుకునేవాళ్లం. మా ఊరు నిర్మల్‌కు ఒక పూట నడక. నిజాం రాజ్యం పోయి అప్పటికి కొన్నేండ్లే అయింది. ఎండలు ముదిరి ఊరి చుట్టూ గడ్డి మాడిపోగానే, మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, మిగతా కాపరులతో కలిసి మందను జైనూరు అడవుల దిక్కు తోలుకుపోయేవాడు. తిరిగి రావడం తొలకరికే. మోకాలి నొప్పి వల్ల ఆ ఏడు తాత వెళ్లలేదు. పొట్టేలును కూడా పంపనివ్వలేదు.

దానికి కారణం ఉంది. అంతకు ముందటి ఏడు మా మందలో సగం గొర్రెలు ఈనలేదు. పొట్టేలు బక్కచిక్కి ఉండటం వల్లనే అలా అయిందని తాత తేల్చాడు. వానలు పడి పచ్చిక లేచేసరికి గొర్రెలు ఎదకు వస్తాయి. ఆ నెలన్నర పొట్టేలుకు తిండి మీద ధ్యాస ఉండదు, పొద్దంతా వాటి వెంటే తిరుగుతుంది. అప్పుడు ఎంత మేపినా లాభం లేదు. సత్తువ అంతకు ముందే ఒంట్లో చేరి ఉండాలి. అందుకని దాన్ని మంద నుంచి విడదీసి, రెండు నెలలు ఇంటి దగ్గరే కట్టి మేపాలనుకున్నాడు. ఆ పని నాకు అప్పజెప్పాడు.

నల్లటి పొట్టేలు అది. కొమ్ములు చెవుల పక్కనుంచి మెలి తిరిగి ఉండేవి. మంద వెళ్లిపోయిన తర్వాత మొదటి నాలుగు రోజులు అది ఉత్తరం దిక్కు చూస్తూ అరుస్తూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. ఐదో రోజు నుంచి అరవడం మానేసి, కొట్టం గుంజకు నుదురు ఆనించి నిలబడటం మొదలుపెట్టింది. అరుపు కంటే అది నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. మా తాత మాట్లాడే మనిషి కాదు. ఇంట్లో ఇద్దరం మనుషులం ఉన్నా, పొద్దున్నుంచి మాపటి దాకా పది మాటలు వినబడితే గొప్ప. ఆ ఎండలకు వాడకట్టు అంతా తలుపులు వేసుకుని ఉండేది. నేను పొట్టేలు పక్కన కూర్చుని, అవ్వతో చెప్పే మాటలన్నీ దానికి చెప్పేదాన్ని.

మేత ఎలా పెట్టాలో తాత ఒకేసారి చెప్పాడు, మళ్లీ చెప్పలేదు. రాత్రి నానబెట్టిన ఉలవలు, పలగ్గొట్టిన జొన్నలు, గుప్పెడు తవుడు, చిటికెడు ఉప్పు కలపాలి. "నీ దోసిలితోని రెండు. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి. అంతకు మించొద్దు," అన్నాడు. మధ్యలో ఎండు గడ్డి, తుమ్మకాయలు. తుమ్మకాయలు తనే ఏరుకొచ్చేవాడు. వారానికోసారి నా చేయి పట్టుకుని పొట్టేలు వెన్ను మీద పెట్టించేవాడు. ఎముకలు చేతికి గుచ్చుకుంటే బక్కగా ఉన్నట్టు. అసలే తెలియకపోతే మరీ బలిసినట్టు. బలిసిన పొట్టేలు నీడన పడుకుంటుంది కానీ గొర్రెల వెంట పోదు. పలచటి కండ కింద ఎముక మెత్తగా తగలాలి, అదీ లెక్క. మొదటి వారం ఎముకలు నా వేళ్లకు రాళ్లలా తగిలాయి. మూడో వారానికి కొంచెం మెత్తబడ్డాయి.

ఆ మూడో వారంలోనే, అడవి నుంచి ఒక కాపరి ఉప్పు కోసం, జొన్నపిండి కోసం వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఇచ్చోడ దిక్కు మనిషి, చిన్నబాపు వెంట తిరిగేవాడు. నేను లోపల నీళ్లు ముంచుతూ ఉంటే అతని మాటలు వినబడ్డాయి.

"మీ చిన్నోడు గిదే ఆఖరు అంటుండు పెద్దయ్యా. గీసారి సుత గొర్రెలు ఈనకుంటే మంద అమ్మేసి, అన్న పోయిన తోవనే పోతడట."

తాత ఏమన్నాడో వినబడలేదు. నేను చెంబు అక్కడే పెట్టి నిలబడిపోయాను. అవ్వ పోయింది, బాపు పోయాడు, ఇక చిన్నబాపు పోతాడు. అందరూ పోయాక తాత, నేను ఈ ఇంట్లో ఎట్లా ఉంటాం? ఇదంతా ఆపగలిగేది నా చేతిలో ఉన్న పొట్టేలు ఒక్కటే అనిపించింది. దాన్ని తొందరగా బలంగా చేయాలి. రెండు దోసిళ్లతో ఎప్పటికి అయ్యేది?

మరుసటి రోజు పొద్దున తాత తుమ్మకాయలకు వెళ్లగానే, రెండు రోజులకని నానబెట్టిన ఉలవలు, కుండలో ఉన్న జొన్నలు చిన్న గంపలోకి ఒంపి పొట్టేలు ముందు పెట్టాను. అది సంతోషంగా తిన్నది. తింటూ తింటూ నా వైపు చూసింది కూడా. గంప ఖాళీ అయ్యేదాకా దాని మెడ నిమురుతూ కూర్చున్నాను. అవ్వ పోయిన తర్వాత అంత తృప్తిగా ఉన్నది ఆ కొద్ది సేపే.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి అది పడుకుంది. లేపితే లేవలేదు. ఎడమ డొక్క ఉబ్బి డోలులా బిగిసింది. పండ్లు పటపట కొరుకుతోంది, మూతి నుంచి చొంగ కారుతోంది. పక్కింటి అక్కను పిలిచాను, తలుపు వేసి ఉంది. ఆ ఎండలో ఉత్తకాళ్లతో తుమ్మచెట్ల దాకా ఉరికాను. తాత ముందు నిలబడి ఇంటి దిక్కు చేయి చూపించాను. నా మొహం చూసి ఆయనే గంప వదిలేసి బయలుదేరాడు. ఆ మోకాలితో ఆయన అంత వేగంగా నడవడం నేను ముందెప్పుడూ చూడలేదు.

దారిలో ఒక్కటే అడిగాడు. "ఎంత పెట్టినవ్?"

"గంపెడు."

ఇంకా పెద్ద అడుగులు వేశాడు. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాను.

ఇంటికి రాగానే పొట్టేలు ముందు కాళ్లు అరుగు మీదికి ఎక్కించి, తల పైకి ఉండేట్టు నన్ను పట్టుకోమన్నాడు. వాము నూరి నూనెలో కలిపి, వెదురు గొట్టంతో కొంచెం కొంచెంగా గొంతులో పోశాడు. తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. తర్వాత ఎడమ డొక్కను రెండు చేతులతో పిసుకుతూ కూర్చున్నాడు. ఎప్పటికో లేపి, వాకిట్లో పది అడుగులు నడిపించి, మళ్లీ పిసికాడు. మధ్యాహ్నమంతా అదే పని. చెమటకు ఆయన అంగీ ఒంటికి అతుక్కుపోయింది. నేను కొమ్ములు పట్టుకుని, దాని కండ్లలోకే చూస్తూ, చచ్చిపోవద్దని లోపల లోపల బతిమాలుకున్నాను.

ఎండ వాలేటప్పుడు పొట్టేలు పెద్దగా తేన్చింది. ఇంకోసారి తేన్చింది. డొక్క కొంచెం సడలింది. తాత గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. ఆయన నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి.

"అది ఇంకింత పెట్టుమని అడిగిందా బిడ్డా?"

"అడగలే."

"మరెందుకు పెట్టినవ్?"

"చిన్నబాపు సుత పోతడని భయమైంది."

"నాకు సుత గదే భయం," అన్నాడు. "కని ఆకలికి పెట్టాలె, మన భయానికి పెట్టొద్దు. మన భయాన్ని అదెట్ల అరిగించుకుంటది?"

ఎటో చూస్తూ మళ్లీ అన్నాడు. "మీ అవ్వ పోయినంక నువ్వు మూడొద్దులు ముద్ద ముట్టలే. వచ్చినోళ్లంత పిల్ల నోట్ల కుక్కుమన్నరు. నాకు పానం ఆగలే. నీ నోరు పట్టి తినిపిద్దామని ఒకసారి లేచిన సుత. లేచి, మల్ల కూసున్న. నీ ఆకలి నీకే తెలుస్తదని కూసున్న."

అప్పుడు నాకు ఆ మూడు రోజులు కండ్ల ముందుకు వచ్చాయి. నా ముందు చిన్న గిన్నెలో జొన్నరవ్వ గట్క ఉండేది. చల్లారితే తీసేసి, పూట మారగానే మళ్లీ వేడిది పెట్టేవాడు. తినమని ఒక్కసారీ అనలేదు. కొంత దూరంలో గొంగడి వేసుకుని కూర్చుని ఉండేవాడు. నన్ను ఎవరూ పట్టించుకోవడం లేదని అప్పుడు నేను ఏడ్చాను. ఆయన కూడా ఆ మూడు రోజులు సరిగ్గా తిని ఉండడని ఆ సాయంత్రం తోచింది. ఆయన చేతి మీద నా చేయి పెట్టాను. నూనెతో జారుతోంది ఆ చేయి.

పొట్టేలుకు మూడు రోజులు గింజ చూపించలేదు, ఎండు గడ్డి మాత్రమే. తర్వాత అర దోసిలితో మళ్లీ మొదలుపెట్టాం. మృగశిర కార్తె దాటాక మంద వచ్చింది. పొట్టేలును విప్పగానే నా వైపు తిరిగి కూడా చూడకుండా గొర్రెల్లో కలిసిపోయింది. కొట్టం ఖాళీ అయింది. నేను చాలా రోజులు ఆ వైపు వెళ్లలేదు.

దీపావళి తర్వాత గొర్రెలు ఈనడం మొదలైంది. అన్నీ ఈనలేదు కానీ, చాలా వరకు ఈనాయి. చిన్నబాపు పోతానన్న మాట మళ్లీ ఎత్తలేదు. తాత బతికినన్నాళ్లు ఆ మంద మా వాకిట్లోనే ఉంది.

ఆ చలికాలంలోనే బాపు వచ్చాడు. గోళ్ల సందుల్లో బొగ్గు నలుపు, బుగ్గలు లోపలికి పోయాయి. ఇంట్లోకి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. చిన్నబాపు తినమని ఎంత బతిమాలినా వద్దన్నాడు. నేను ఒక రొట్టె, కొంచెం పచ్చిపులుసు తెచ్చి పక్కన పెట్టి, స్తంభం దగ్గర కూర్చున్నాను. మళ్లీ పోతావా అని అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. చాలాసేపటికి బాపు రొట్టె తుంచాడు. సగం తిని, మిగతా సగం నా వైపు జరిపాడు. రెండు రోజులుండి వెళ్లిపోయాడు. ఈసారి పోయేటప్పుడు మాత్రం నా తల మీద చేయి పెట్టి పోయాడు.

ఇప్పుడు నేను మనుమరాండ్లు ఉన్న ముసలిదాన్ని. నా వాళ్లెవరైనా ముడుచుకుని కూర్చుంటే ఇప్పటికీ నా చేతులు ఊరుకోవు. ఇంకాస్త పెట్టాలని, ఇంకో మాట అడగాలని లేస్తాను. అప్పుడు నన్ను నేనే అడుగుతాను, ఇది వాళ్ల ఆకలా, నా భయమా అని. చాలాసార్లు నా భయమే అవుతుంది. అందుకని మళ్లీ కూర్చుంటాను.